విగ్రహం ఒక్కరిది, చావు ముగ్గురిది

1999 సెప్టెంబరు 4 ఉదయం హైదరాబాద్ ఎస్.ఆర్. నగర్ సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న కారు మీద నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్ యాక్షన్ టీమ్ కాల్పులు జరిపింది. కారులో ఉన్నది చదలవాడ ఉమేష్ చంద్ర, 1991 బ్యాచ్ ఐపీఎస్, అప్పటికి డీజీపీ ఆఫీసులో ఏఐజీ (అసిస్టెంట్ ఐజీ), వయసు 33. డ్యూటీకి వెళ్తున్నారు. కాల్పులు మొదలవగానే ఆయన కారు దిగి, చేతిలో ఆయుధం లేకుండానే కాల్చినవాళ్ల వెంటపడ్డారనీ, ఆ తర్వాత ఆయన్నీ కాల్చి చంపారనీ అప్పటి కథనాలు చెబుతాయి. గన్‌మన్, డ్రైవర్ కూడా చనిపోయారు.

ఇప్పుడు ఆ కూడలిలో ఉమేష్ చంద్ర విగ్రహం ఉంది. పక్కనే మెట్రో లైను, చుట్టూ హాస్టళ్ల బోర్డులు, కోచింగ్ సెంటర్లు, టిఫిన్ బండ్లు. ఎస్సై, కానిస్టేబుల్ పోస్టులకు ప్రిపేరయ్యే కుర్రాళ్లు బోలెడంతమంది ఆ చుట్టుపక్కల గదుల్లోనే ఉంటారు. ఏటా సెప్టెంబరు 4న అధికారులు వస్తారు, దండలు వేస్తారు, ఫొటోలు దిగుతారు, మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో చిన్న వార్త వస్తుంది. మిగతా రోజుల్లో ఆ విగ్రహం ఒక అడ్రస్. ఆటోవాడికి చెప్పడానికి పనికొస్తుంది. దీన్ని తప్పుపట్టాల్సిన పనేమీ లేదు, నగరంలో ఏ విగ్రహం గతి అయినా అంతే. ఇబ్బంది ఇంకోచోట ఉంది. ఆ ఉదయం అక్కడ చనిపోయింది ముగ్గురు. ఏటా రాసే వార్తల్లో మిగతా ఇద్దరూ పేర్లతో కాదు, చేసే ఉద్యోగంతోనే మిగిలిపోయారు. 'గన్‌మన్, డ్రైవర్ కూడా' అన్నమాట. ఈ వ్యాసం మొదటి పేరాలో కూడా అదే జరిగింది, గమనించే ఉంటారు.

చనిపోయిన పోలీసును గుర్తుంచుకోవడం అంటే మన దగ్గర చాలావరకు ఒక అధికారిని గుర్తుంచుకోవడమే. హోదా ఉన్నవాళ్లకు అప్పటికే ఒక పేరు ఉంటుంది, పేపర్లలో ఫొటోలు ఉంటాయి, వాళ్ల గురించి జనం చెప్పుకునే కథలుంటాయి. ఉమేష్ చంద్రకైతే కడప ఎస్పీగా ఫ్యాక్షన్ పల్లెల్లో నాటుబాంబుల మీద, వాటి వెనకున్న పెద్దల మీద పట్టు బిగించినందుకు 'కడప పులి' అన్న పేరు అంతకుముందే వచ్చేసింది. తర్వాత నక్సలైట్ల కోట అనిపించుకున్న కరీంనగర్‌లో ఎస్పీగా పనిచేశారు. చావు ఆ కథకు చివరి పేజీ అయింది. డ్రైవర్ కథ ముందు నుంచీ ఎవరూ చెప్పుకోలేదు కాబట్టి చివరి పేజీ ఒక్కటీ తెచ్చి ఎక్కడ అతికించాలో ఎవరికీ తెలీదు.

అయితే హోదా ఒక్కటే లెక్క అనుకుంటే తుకారాం ఓంబ్లే అడ్డొస్తారు. ముంబైలో అసిస్టెంట్ సబ్‌ఇన్‌స్పెక్టర్. 2008 నవంబరు 26 రాత్రి గిర్గావ్ చౌపాటీ దగ్గర ముంబై మీద దాడికి వచ్చిన ఉగ్రవాది కసబ్ చేతిలోని ఏకే-47 గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని, తూటాలు ఒంట్లోకి దిగుతున్నా వదల్లేదు. అప్పటిదాకా ఆయన చేతిలో ఉన్నది లాఠీ. అశోకచక్ర ఇచ్చారు, చౌపాటీ దగ్గర విగ్రహం పెట్టారు, 2019లో మహారాష్ట్రలో దొరికిన ఒక కొత్త జాతి సాలీడుకు శాస్త్రవేత్తలు ఆయన పేరే పెట్టారు. చిన్న ఉద్యోగి అయినా ఆయన దేశానికంతా గుర్తున్నారు. ఎందుకంటే ఆయన ఎలా చనిపోయారో అందరికీ తెలుసు, ఒక్క వాక్యంలో చెప్పొచ్చు, చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. జ్ఞాపకం నిలబడేది ఆ 'ఎలా' మీదే. మన అమరవీరుల సంస్మరణలో అన్నిటికంటే బలహీనంగా ఉన్నదీ అదే.

అక్టోబరు 21 సంగతి చూడండి. పోలీసు అమరవీరుల సంస్మరణ దినం. తెలంగాణలో అయితే హైదరాబాద్ గోషామహల్ పోలీస్ స్టేడియంలో, ఆంధ్రలో చాలా ఏళ్లు విజయవాడ మున్సిపల్ స్టేడియంలో, ఇవి కాక ప్రతి జిల్లా కేంద్రంలో పరేడ్ గ్రౌండులో. ఈ తేదీ ఎక్కడి నుంచి వచ్చిందో చాలామందికి తెలీదు, పరేడ్‌లో నిలబడే కొత్త కానిస్టేబుళ్లకు కూడా.

1959లో లద్దాఖ్‌లో భారత్-చైనా సరిహద్దు కాపలా ఇంకా పోలీసుల చేతిలోనే ఉండేది. ఆ సరిహద్దు కాసే కేంద్ర బలగం ఐటీబీపీ పుట్టిందే 1962లో. అక్టోబరు 20న ఈశాన్య లద్దాఖ్‌లోని హాట్‌స్ప్రింగ్స్ నుంచి మూడు దళాలు లనక్ లా కనుమ వైపు దారి చూసి రావడానికి బయల్దేరాయి. రెండు తిరిగొచ్చాయి. ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక కూలీ ఉన్న మూడోది రాలేదు. మర్నాడు వాళ్లను వెతకడానికి ఇంటెలిజెన్స్ బ్యూరో అధికారి కరమ్ సింగ్ ఇరవైమంది దాకా వెంటబెట్టుకుని వెళ్లారు. ఒక గుట్ట మీద నుంచి చైనా సైనికులు కాల్పులు మొదలుపెట్టారు. దాపు లేని చోటు. పదిమంది చనిపోయారు, గాయపడినవాళ్లలో ఏడుగుర్ని చైనావాళ్లు పట్టుకుపోయారు. శవాలను అప్పగించింది మూడు వారాలు దాటాక, నవంబరు 13న. ఆ చలిలోనే, హాట్‌స్ప్రింగ్స్‌లోనే, పోలీసు లాంఛనాలతో దహనం చేశారు. 1960 జనవరిలో రాష్ట్రాల పోలీసు ఐజీల సమావేశం ఈ తేదీని ఏటా పాటించాలని నిర్ణయించింది.

ఇక్కడా అదే తమాషా. హాట్‌స్ప్రింగ్స్ గురించి రాసే ప్రతిచోటా కనిపించే పేరు కరమ్ సింగ్‌ది. ఆయన ఆ రోజు చనిపోలేదు. చైనావాళ్లకు బందీగా చిక్కి, విడుదలై వచ్చి, అక్కడ తమను ఎలా చూశారో వాంగ్మూలం కూడా ఇచ్చారు. చనిపోయింది ఆ పదిమంది. దేశమంతా ఒక రోజు పాటిస్తున్నది వాళ్లకోసం, కానీ అక్టోబరు 21న ఇచ్చే ఉపన్యాసాల్లో వాళ్లు 'పదిమంది జవాన్లు'.

ఆ పరేడ్‌లో మాత్రం ఒక ఘట్టం ఉంటుంది, అన్నిటికంటే మెచ్చుకోవాల్సింది అదే. కవాతు అయ్యాక, అంతకుముందు ఏడాది సెప్టెంబరు 1 నుంచి ఆ ఏడాది ఆగస్టు 31 దాకా దేశం మొత్తం మీద విధి నిర్వహణలో చనిపోయిన పోలీసుల పేర్లు మైకులో చదువుతారు. రాష్ట్రాల వారీగా, కేంద్ర బలగాల వారీగా. మణిపూర్ పేరు, జమ్మూ పేరు, బిహార్ పేరు తెలుగు నోటికి సరిగ్గా పలకవు, చదివే అధికారి ఒక్కోచోట తడబడతారు, అయినా ఒక్కటీ వదలకుండా చదువుతారు. ఎండ అప్పటికే ఎక్కి ఉంటుంది. షామియానా కింద ముందువరసల్లో కుటుంబాలు కూర్చుని ఉంటాయి. కొంతమంది ఫ్రేము కట్టించిన ఫొటో ఒళ్లో పెట్టుకుని వస్తారు. తమవాడి పేరు వచ్చేదాకా వినాలి, వచ్చి వెళ్లిపోయాక కూడా వినాలి. తర్వాత బ్యూగిల్, తుపాకీ గొట్టాలు నేలవైపు తిప్పి తలలు దించిన వరసలు, మౌనం, పుష్పగుచ్ఛాలు. ఆ పేర్ల జాబితాలో కమాండెంట్‌కూ కానిస్టేబుల్‌కూ ఒక్కో పంక్తే. ఎస్.ఆర్. నగర్ కూడలిలో జరగనిది అక్కడ జరుగుతుంది.

2018 అక్టోబరు 21న ఢిల్లీ చాణక్యపురిలో ప్రధాని ప్రారంభించిన జాతీయ పోలీసు స్మారకం కూడా ఈ పద్ధతిలోదే. 30 అడుగుల ఎత్తు, 238 టన్నుల నల్ల గ్రానైట్ ఏకశిల మధ్యలో నిలబెట్టారు గానీ అసలు సరుకు చుట్టూ ఉన్న గోడ మీద ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక విధుల్లో చనిపోయిన పోలీసుల పేర్లు, ప్రారంభించిన రోజుకు 34,844. యుద్ధం లేని రోజుల్లో, దేశం లోపలే, ఇంతమంది. సైన్యానికి ఇచ్చే మర్యాద మాకెందుకు ఇవ్వరని పోలీసులు అడిగితే ఆ గోడ ముందు నిలబడి జవాబు చెప్పడం కష్టమే.

కానీ గోడకు నోరు లేదు. పేరు చెబుతుంది, ఎలా పోయాడో చెప్పదు. మందుపాతర పేలి పోయినవాడు, ఇసుక లారీని ఆపబోతే తొక్కించినప్పుడు పోయినవాడు, వరదలో ఎవరినో ఒడ్డుకు లాగబోయి కొట్టుకుపోయినవాడు, బందోబస్తులో ముప్పై గంటలు నిలబడి గుండె ఆగినవాడు, ఈ చావులకు కారణాలు వేరు, వాటిని ఆపే మార్గాలూ వేరు. అసలు వీళ్లలో ఎవరి చావు 'విధి నిర్వహణలో' కిందకొస్తుంది, ఎవరిది రాదు అన్న గీత దగ్గరే కుటుంబాలు నలుగుతాయి. ఎక్స్‌గ్రేషియా, పెన్షన్, కారుణ్య నియామకం అన్నీ ఆ గీతకు ఇటో అటో. బందోబస్తు నుంచి ఇంటికొచ్చి పొద్దున్నే పోతే అది ఏ ఖాతా? ఆఫీసుల చుట్టూ తిరిగేది ఆ ఇంటి ఆడవాళ్లు. పేరును గోడెక్కించే ముందు చావును సరిగ్గా రాయాలి, ఆ రాత పని మన దగ్గర ఫైలు తయారవడంతో ఆగిపోతుంది.

ఎలా చనిపోయారన్నది రాసిపెట్టుకుంటే ఏం తెలుస్తుందో చూడ్డానికి నక్సలైట్ ఉద్యమ కాలమే చాలు. కె.ఎస్. వ్యాస్ 1989లో గ్రేహౌండ్స్‌ను తయారుచేసిన ఐపీఎస్. అడవిలో నక్సలైట్లలాగే కదిలే, వాళ్లలాగే నడిచే, కొద్దిమందితో పనిచేసే బలగం కావాలన్నది ఆయన ఆలోచన. అలాంటి మనిషిని 1993 జనవరి 27న హైదరాబాద్ నడిబొడ్డున, లాల్ బహదూర్ స్టేడియంలో సాయంత్రం జాగింగ్ చేస్తుంటే కాల్చేశారు. ఆ ఏడాదే నవంబరులో మహబూబ్‌నగర్ ఎస్పీ పరదేశి నాయుడు, ఆయనతో ఉన్న పోలీసులు సోమశిల దగ్గర మందుపాతరకు బలయ్యారు. 1999లో ఉమేష్ చంద్ర, ఆఫీసు దారిలో, సిగ్నల్ దగ్గర. 2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల రిజర్వాయరులో గ్రేహౌండ్స్ కమాండోలు ఎక్కిన లాంచీ మీద గట్టు పైనుంచి మావోయిస్టులు విరుచుకుపడ్డారు. కొందరు తూటాలకు, కొందరు నీళ్లలో మునిగి, 38 మంది పోయారు. శవాలు వెలికి తీయడానికే రోజులు పట్టింది.

ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటే అల్లిక కనిపిస్తుంది. వేళ తెలిసిన జాగింగ్, తప్పనిసరిగా వెళ్లే రోడ్డు, రోజూ వెళ్లే దారిలో రోజూ ఆగే సిగ్నల్, నీటి మధ్య దాక్కోవడానికి చోటు లేని లాంచీ. ఎదురుకాల్పుల్లో పోయినవాళ్లు కారు వీళ్లు, అలవాటును కనిపెట్టి కాపు కాసినవాళ్ల చేతిలో పోయినవాళ్లు. మందుపాతర్ల భయమున్న చోట వాహనం వదిలి నడవాలి, వెళ్లిన దారిన తిరిగి రాకూడదు అన్న జాగ్రత్తలు పోలీసులు ఇలాంటి చావుల నుంచే నేర్చుకున్నారు, అయినా బలిమెల జరిగింది. అడవిలో కొండా కోనా తెలిసిన గ్రేహౌండ్స్ నీళ్ల మీద చిక్కారు. విగ్రహం దగ్గర దండేసేటప్పుడు ఈ మాట ఎవరూ ఎత్తరు. ఎత్తితే చనిపోయినవాళ్లను తప్పుపట్టినట్టు ఉంటుందని మొహమాటం. నిజానికి తప్పుపట్టాల్సింది చనిపోయినవాళ్లను కాదు, వాళ్లను ఆ లాంచీ ఎక్కించిన లెక్కలను.

వ్యాస్ హత్యకు ఇంకో తోక కూడా ఉంది, అది ఇంకా ఇబ్బందికరం. ఆ కేసు నిందితుల్లో ఒకడు నయీముద్దీన్. తర్వాత దళం నుంచి బయటికొచ్చి, భూదందాలు, బెదిరింపులు, హత్యల మీద భువనగిరి చుట్టుపక్కల పెద్ద గ్యాంగ్‌స్టర్ అయ్యాడు. మాజీ నక్సలైట్లను, పౌరహక్కుల వాళ్లను అతని చేత ఏరివేయించారనీ, అతని వెనక పోలీసుల అండ ఉందనీ ఏళ్ల తరబడి ఆరోపణలు వచ్చాయి. 2016 ఆగస్టు 8న షాద్‌నగర్ దగ్గర ఎన్‌కౌంటర్‌లో చచ్చిపోయాడు. వ్యాస్ పోయిన 23 ఏళ్లకు. ఆ ఆరోపణల్లో సగం నిజమున్నా సరే, గ్రేహౌండ్స్ స్థాపకుణ్ని చంపిన కేసులో ఉన్న మనిషి అదే శాఖ నీడలో ఎదిగాడని అర్థం. ఏటా జనవరి 27న నివాళి అర్పిస్తూ ఈ సంగతి మింగేయడం ఎవరిని గౌరవించడమో తెలియదు.

పోలీసు చావును గుర్తుంచుకోవడం ఎటు తిరుగుతుందో ఓరుగల్లు 1985లోనే చూసింది. సెప్టెంబరు 2న ఎస్సై యాదగిరిరెడ్డిని కాజీపేట రైల్వేస్టేషన్లో నక్సలైట్లు కాల్చి చంపారు. మర్నాడు వరంగల్లో అంతిమయాత్ర. ఆ దారిలోనే డాక్టర్ రామనాథం పిల్లల క్లినిక్ ఉంది. ఆయన పిల్లల వైద్యుడు, పౌరహక్కుల సంఘం నాయకుడు. ఊరేగింపులోంచి వెళ్లిన పోలీసులే క్లినిక్‌లోకి దూరి ఆయన్ను కాల్చి చంపారని సంఘం ఆనాటి నుంచీ చెబుతోంది. ఒకరి శవయాత్ర సాగుతుండగా ఇంకొకరు శవమయ్యారు. అప్పటి నుంచి సెప్టెంబరు మొదటి వారం వస్తే వరంగల్లో పౌరహక్కుల వాళ్లకు గుర్తొచ్చేది రామనాథం, పోలీసులకు గుర్తు రావాల్సింది యాదగిరిరెడ్డి. ఒకరి పేరు చెప్పినచోట ఇంకొకరి పేరు రాదు. రెండూ ఒకే కథ. ఎస్సైని చంపడం హత్య అని ఒప్పుకోని పౌరహక్కుల మాటకు బరువుండదు, అంతిమయాత్ర రోజు ఏం జరిగిందో చెప్పలేని పోలీసు సంస్మరణకూ ఉండదు.

ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఒకప్పుడు ఎర్ర స్తూపాలు ఉండేవి, నక్సలైట్లు తమవాళ్ల కోసం కట్టుకున్నవి. హుస్నాబాద్‌లో ఎత్తైన స్తూపం ఉండేది, తర్వాత దాన్ని పేల్చేశారు. మావోయిస్టులకు జులై 28 నుంచి ఆగస్టు 3 దాకా తమ అమరవీరుల వారం, డిసెంబరు 2 నుంచి ఇంకో వారం. ఈ డిసెంబరు 2 సంగతి ఉమేష్ చంద్ర హత్యకు మూడు నెలల దూరంలోనే ఉంది. 1999 డిసెంబరు 2న కరీంనగర్ జిల్లా కొయ్యూరులో పీపుల్స్‌వార్ కేంద్ర కమిటీ సభ్యులు నల్లా ఆదిరెడ్డి, సంతోష్‌రెడ్డి, శీలం నరేష్ ఎన్‌కౌంటర్‌లో చనిపోయారని పోలీసులు ప్రకటించారు. బెంగళూరులో పట్టుకుని తెచ్చి చంపారన్నది పార్టీ ఆరోపణ. సరిగ్గా ఏడాదికి, 2000లో అదే తేదీన, వాళ్ల పేరు మీద సాయుధ బలగాన్నే ప్రకటించారు. ఇలా ఇరువైపులా క్యాలెండర్లు నిండాయి. ఒకరి వర్ధంతి వారం వస్తే ఇంకొకరికి హైఅలర్ట్, సెలవులు రద్దు. స్టేషన్ గేటు ముందు ఇసుక బస్తాలు, లోపల నైట్ డ్యూటీలో నిద్రకాచిన కానిస్టేబుల్. ఆ ఏళ్లలో స్టేషన్లో పనిచేసినవాళ్లకు క్యాలెండర్లో ఎర్ర తేదీలంటే పండగలు కావు, టెన్షన్.

ఈమధ్య అక్టోబరు 21 చుట్టూ పోలీసు శాఖ చాలా కార్యక్రమాలే పెడుతోంది. రక్తదాన శిబిరాలు, 2కే రన్‌లు, వ్యాసరచన పోటీలు, ఓపెన్ హౌస్. అన్నిటికంటే జనం వచ్చేది ఓపెన్ హౌస్‌కే. స్కూలు పిల్లల్ని బస్సుల్లో తీసుకొస్తారు. బల్లల మీద తెల్లగుడ్డ పరిచి ఇన్సాస్, ఏకే-47, పిస్టల్, టియర్ గ్యాస్ గన్ పేర్చిపెడతారు. బాంబ్ స్క్వాడ్ సూటు ఒకచోట, డాగ్ స్క్వాడ్ ఇంకోచోట. పిల్లలు తుపాకీ ఎత్తి చూసి, బరువుకు నవ్వి, ఫొటో దిగి వెళ్తారు. దాన్ని చూపించే కానిస్టేబుల్ మ్యాగజైన్ ఎలా ఎక్కించాలో, రేంజ్ ఎంతో ఓపిగ్గా చెబుతాడు. అమరవీరుల వారంలో పెట్టిన కార్యక్రమంలో అమరవీరుడి ఊసు ఉండేది చివర బ్యానర్ మీదే.

ఆ బల్లల పక్కన ఇంకో బల్ల పెట్టడానికి ఖర్చేమీ కాదు. ఆ జిల్లాలో పోయినవాళ్లవి, ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. పేరు, ఏ స్టేషను, ఏ ఏడు, ఆ రోజు ఏం పని మీద వెళ్లాడు, ఎలా పోయాడు, ఎవరు పక్కనున్నారు, తర్వాత కేసు ఏమైంది. హోంగార్డయితే హోంగార్డనే రాయాలి, డ్రైవరైతే డ్రైవరని, కానీ ముందు పేరు. కొట్టేసిన కేసులుంటే కొట్టేశారనీ, పొరపాటు జరిగి ఉంటే జరిగిందనీ రాయాలి. వివరాలు ఎక్కడో లేవు, ప్రతి జిల్లా ఎస్పీ ఆఫీసులో సర్వీసు పుస్తకాల్లో, ఎఫ్ఐఆర్లలో, పంచనామాల్లో ఉన్నాయి. రిటైరైన హెడ్ కానిస్టేబుళ్లు ఇద్దర్ని కూర్చోబెడితే కాగితాల్లో లేనివీ చెబుతారు, వాళ్లు ఉన్నన్నాళ్లే ఆ పని అవుతుంది. ఉత్తర తెలంగాణ జిల్లాల్లో, తూర్పు కనుమల వెంబడి స్టేషన్లలో ఈ పని ముందు మొదలుపెట్టాలి, ఎనభైల్లో పనిచేసిన తరం ఇప్పటికే డెబ్బై దాటింది.